రహీమ్ సాబ్ వెనకాల ఒక నౌకరీ ఉంది

'మైదాన్' సినిమా ఓటీటీలోకి వచ్చినప్పటి నుంచి మా రిష్తేదార్లలో కనీసం పదిమంది నన్ను ఒకటే మాట అడిగారు. "ఆపా, ఆ రహీమ్ సాబ్ నిజంగా ఉన్నాడా? మన హైదరాబాద్ మనిషేనా? ఇదంతా జరిగిందా, సినిమావాళ్లు కల్పించారా?"

అడిగినవాళ్లంతా బాగా చదువుకున్న పిల్లలే. అజారుద్దీన్ వాళ్లకు తెలుసు. సానియా తెలుసు. సిరాజ్ ఏ ఓవర్లో ఎన్ని వికెట్లు తీశాడో వేళ్ల మీద చెప్తారు. ఇండియా ఫుట్‌బాల్‌కు రెండు ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు మాత్రం అజయ్ దేవ్‌గణ్ చెప్తేనే తెలిసింది. పిల్లల్ని ఏమనగలం? మనం చెప్పలేదు, బళ్లో పుస్తకాల్లోనూ లేదు.

అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ ఒక్కసారే రాస్తున్నాను. సినిమాలో ఏది సచ్ అన్నది ఒక సంగతి. సినిమా దాకా రాని సంగతి ఇంకొకటుంది. అది మా అబ్బా బతికున్నప్పుడు చెప్పేవారు. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

ముందు సినిమా. దర్శకుడు అమిత్ శర్మ. రహీమ్ సాబ్ బీవీ సైరాగా మన ప్రియమణి చేసింది. షూటింగ్ 2019లోనే మొదలైనా, కరోనా ఒకవైపు, 2021 మేలో వచ్చిన తౌక్తే తుఫాను ఒకవైపు. ముంబైలో వేసిన మైదానం సెట్టు ఆ తుఫానుకే పాడైంది. ఆఖరికి 2024 ఏప్రిల్లో సరిగ్గా రంజాన్ ఈద్ నాడు వచ్చింది. పొద్దున షీర్ ఖుర్మా తిని, సాయంత్రం సినిమాకు పోయిన కుటుంబాల్లో మాదీ ఒకటి. కోచ్ మీద పగబట్టే ఆ పత్రికాయన పాత్ర కల్పితం. డ్రామా కోసం కలిపినవి ఇంకా ఉన్నాయి. కానీ స్కోర్లు సచ్, మనుషుల పేర్లు సచ్, ఆ ఊపిరితిత్తుల జబ్బు సచ్.

రహీమ్ సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, యూనివర్సిటీ జట్టులో ఆడారు, తర్వాత బడిపంతులయ్యారు. ఉస్తాద్ అన్న మాట ఆయనకు రెండు విధాలా సరిపోతుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత 1940ల్లో ఎత్తుకుని ఇంతకాల్ దాకా దింపలేదు. పిల్లల కోసం ఆయన పెట్టిన టోర్నమెంట్లు విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకొకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో కొట్టాలన్నమాట. బళ్లో వెనక బెంచీ పిల్లవాడిని లేపి లెక్క చేయించే పంతులు బుద్ధి అది.

1950 నుంచి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. 1950 నుంచి 1954 వరకు ఐదేళ్లు వరసగా బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది కూడా వీళ్లే. కలకత్తా వాళ్లు ఫుట్‌బాల్ తమ సొత్తనుకునే రోజులవి. చార్మినార్ గల్లీల నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు వచ్చి కప్పు ఎత్తుకుపోతే వాళ్లకెలా ఉంటుంది?

ఆ జట్టు పేరు ఇంకోసారి చదవండి. హైదరాబాద్ సిటీ పోలీస్. ఏ నవాబుదో, సేఠ్‌దో క్లబ్బు కాదు, సర్కారీ డిపార్ట్‌మెంటు. ఆ కుర్రాళ్లకు ఒంటి మీద యూనిఫాం, ఒకటో తారీఖున తన్ఖా, ముసలితనంలో పింఛను ఉండేవి. ఇప్పటి అర్థంలో వాళ్లు 'ప్రొఫెషనల్స్' కారు. ఆట ఆడినందుకు జీతం లేదు. జీతం ఉంది కనక ఆట ఆడగలిగారు.

ఇది మన దగ్గరే కాదు. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు ప్రవేశం లేదు. 1952 హెల్సింకీలో బంగారం గెలిచిన హంగరీ జట్టుకు ప్రాణం హోన్వేద్ అనే క్లబ్బు. అది సైన్యం జట్టు. పుష్కాష్‌కు సైన్యంలో హోదా ఉండేది, మేజర్ అని పిలిచేవాళ్లు. హంగరీకి సైన్యం చేసిన పని హైదరాబాద్‌కు పోలీస్ డిపార్ట్‌మెంటు చేసింది. అదే హెల్సింకీలో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. చాలామంది కాళ్లకు బూట్లు లేవు. సినిమా మొదలయ్యేది ఆ ఓటమి దగ్గరే. దానికి ముందు ఏడాదే, 1951లో, ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో గెలిచి బంగారం తెచ్చింది కూడా రహీమ్ సాబ్ జట్టే.

నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియా, 4-1తో ఓటమి. బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇండియా ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరామ్ హైదరాబాద్, సికింద్రాబాద్ పిల్లలే. బలరామ్‌ది సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ, పేద తమిళ కుటుంబం. ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిల్‌కు రహీమ్ సాబ్ తన జేబులోంచి ఇచ్చారని బలరామ్ ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. 2023లో ఆయన కూడా పోయారు.

ఇక మా అబ్బా సంగతి.

మాది విశాఖ పాత నగరం. దర్గా కొండ, రాస్ హిల్ చర్చి, వెంకటేశ్వరస్వామి కొండ మూడూ పక్కపక్కన నిలబడి హార్బర్‌లోకి వచ్చే ఓడల్ని చూస్తుంటాయే, ఆ కిందివాళ్లం. 1933లో హార్బర్ తెరిచాక పనికోసం వచ్చినవాళ్లలో మా దాదా ఒకరు. ఖలాసీ పని. అబ్బాకు చదువు అంతంతమాత్రం, కాళ్లు మాత్రం చురుకు. సరుకు ఎత్తే మైదానంలో, రైలు పట్టాల పక్కన, ఎక్కడ నాలుగు గజాల జాగా దొరికితే అక్కడ బంతి తన్నేవారట. ఒక టోర్నమెంటులో ఎవరో పెద్దమనిషి ఆయన ఆట చూసి పోర్టులో కొలువుకు సిఫారసు చేశారు. అలా పోర్టు జట్టులో లెఫ్ట్ వింగ్, పొద్దున క్రేన్ల దగ్గర డ్యూటీ. ఇరవై ఆరేళ్లు ఆడారో ఆడించారో గానీ, రిటైరయ్యేదాకా సాయంత్రం గ్రౌండుకు పోకుండా ఇంటికి రాలేదు.

అబ్బా కొట్టిన గోల్స్ ఏ పేపర్లోనూ రాలేదు. జాతీయ జట్టు మాట దేవుడెరుగు, జిల్లా దాటి ఆడింది కొన్నిసార్లే. కానీ ఆ కొలువు మీదే దాదాకు కంటి ఆపరేషన్ అయింది. ఇద్దరు ఫుఫ్ఫూల నికాహ్‌లు అయ్యాయి. మేం ముగ్గురు ఆడపిల్లలం డిగ్రీలు చదివాం. నేను ఈ రోజు టీచరుగా బతుకుతున్నానంటే నా చదువు ఫీజు ఆ ఎడమ కాలు కట్టింది.

రహీమ్ సాబ్ పేరు నేను మొదట విన్నది అబ్బా నోటే. 1962లో జకార్తా వార్త వచ్చేనాటికి ఆయనకు పదిహేడేళ్లు. ఆ మ్యాచ్ గురించి చెప్పమంటే అన్నం చల్లారిపోయినా లేచేవారు కాదు.

సినిమాలో చూశారుగా, అక్కడి జనం మనవాళ్లను ఎలా ఎగతాళి చేశారో. అది కల్పన కాదు. ఇండోనేషియా ప్రభుత్వం తైవాన్‌కు, ఇజ్రాయెల్‌కు వీసాలివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదని మన దేశానికి చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో జకార్తాలో మన మీద కోపం రాజుకుంది. ఫైనల్‌కు ముందురోజు మన ఎంబసీ మీద గుంపు దాడి చేసింది. లక్షమందికి పైగా పట్టే సెనయాన్ స్టేడియంలో మన జాతీయ గీతానికి కూడా ఊళలు వేశారు. ఆ గుంపు మధ్య పాకిస్తాన్ హాకీ జట్టు కూర్చుని మనవాళ్లకు చప్పట్లు కొట్టిందని మన ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. అబ్బా ఈ ముక్క దగ్గర ఎప్పుడూ ఆగేవారు. ఏమీ అనేవారు కాదు, ఆగేవారంతే.

1962 సెప్టెంబర్ 4. ఎదురుగా దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో ఇదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలమీద కుట్లు పడి ఉన్నాయి. ఆ తలతో బంతిని అడ్డుకోలేడని రహీమ్ సాబ్ ఆయన్ను కూర్చోబెట్టలేదు. ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్ చేశారు. సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడాయన. పి.కె. బెనర్జీ ఒకటి. చివర్లో కొరియాకు ఒకటి. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి. మనవాళ్లు యూసుఫ్ ఖాన్, బలరామ్ ఇద్దరూ ఆ ఫైనల్ ఆడారు. గోల్ పోస్టులో పీటర్ తంగరాజ్. ముసల్మాన్, సిక్కు, క్రైస్తవుడు, హిందువు అని విడదీసి చెప్పడం అబ్బాకు నచ్చేది కాదు. "పదకొండు మంది" అనేవారు.

అప్పటికే రహీమ్ సాబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. సిగరెట్టు వదలని మనిషి. పది నెలలు తిరగకుండా, 1963 జూన్ 11న అల్లాకు ప్యారే అయ్యారు. యాభై మూడేళ్లు. ఆ తర్వాత ఇండియా ఫుట్‌బాల్‌కు ఏషియన్ గేమ్స్ బంగారం మళ్లీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. రహీమ్ సాబ్ బేటా హకీమ్ సాబ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. ఆయన బతుకుతెరువు వైమానిక దళంలో కొలువు. 2021లో పోయారు, బాబా మీద తీసిన సినిమా విడుదల చూడకుండానే.

రహీమ్ సాబ్ తర్వాత ఆట ఎందుకు పడిపోయిందని అడిగితే అందరూ ఒకటే జవాబు చెప్తారు, అలాంటి ఉస్తాద్ మళ్లీ రాలేదని. అబ్బా జవాబు వేరు. "బేటీ, ఉస్తాద్‌లు ప్రతి మొహల్లాలో ఉంటారు. రోటీ గురించి ఫిక్ర్ లేకుండా సాయంత్రం వచ్చి ఆయన ముందు నిలబడే షాగిర్దులు ఉండొద్దా? ఆ షాగిర్దులకు అమ్మీ అబ్బా ఇజాజత్ ఇవ్వొద్దా?"

ఆయన మాటలో ఎంత నిజముందో మహమ్మద్ హబీబ్ జీవితం చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్ కుర్రాడు, 1966లో కలకత్తా పోయాడు. కొలువులు వద్దని ఆటనే బతుకుతెరువు చేసుకున్న తొలి ప్రొఫెషనల్ అని దేశమంతా పేరు. 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టి మ్యాచ్ 2-2 చేసినవాళ్లలో ఒకడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అంత హునర్, అంత హిమ్మత్ ఉంటే కొలువు లేకుండా నెగ్గుకు రావచ్చు. అయితే హబీబ్‌లు తరానికి ఎందరు?

ఈ కాలానికి వద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ అని నిజమైన ప్రొఫెషనల్ క్లబ్బు 2019లో వచ్చింది. 2022 మార్చిలో కేరళను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. 2025లో చేతులు మారి, పేరు మారి, ఢిల్లీకి వెళ్లిపోయింది. ఆరేళ్లలో అంతా అయిపోయింది. పోలీస్ జట్టును ఎవరైనా అలా మూటగట్టుకుని వేరే ఊరు తీసుకుపోగలిగేవారా? అది ఊరిలో ఒక భాగం.

ఇంకొకటి. 2024లో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు, నిఖత్ జరీన్‌కు డీఎస్పీ కొలువులిచ్చింది. మాషా అల్లా, చాలా సంతోషం, ఇద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్లు. కానీ తేడా గమనించండి. ప్రపంచం గెలిచాక ఇచ్చే కొలువు ఇనామ్. ఇంకా ఏమీ గెలవని పందొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇచ్చే కొలువు భరోసా. అజీజ్‌కు, నూర్‌కు, ఊరూపేరూ లేని మా అబ్బాకు దొరికింది ఆ రెండోది. ఆ భరోసా మీద వందమంది ఆడితేనే అందులోంచి ఒక బలరామ్ తేలతాడు. మిగతా తొంభై తొమ్మిదిమంది కూడా పాడైపోరు. ఇంటికి జీతం తెస్తారు, పిల్లల్ని చదివిస్తారు.

మా వారిది ఉక్కు ఫ్యాక్టరీ కొలువు. 2021 జనవరిలో ప్లాంటును అమ్మాలని కేంద్రం నిర్ణయించిందన్న వార్త వచ్చిన రోజు నుంచి గాజువాక వైపు ఇళ్లలో మాటల తీరే మారిపోయింది. ఉద్యోగం ఉంటుందా, పీఎఫ్ ఏమవుతుంది, పిల్లలకేంటి అన్నవే మాటలు. ఆటగాళ్లకు కొలువులుంటాయా అని ఎవరడుగుతారు? అడగడానికి సిగ్గేస్తుంది కూడా. ఇల్లు కాలుతుంటే పెరట్లో పూలమొక్క గురించి అడిగినట్టు.

ఇదంతా మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్తాను. ఆ ఈద్ నాటికి మా వాడి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, రిజల్ట్స్ రాలేదు. నానా కాళ్లు వాడికొచ్చాయి, చదువూ ఫరవాలేదు. ఇంటర్ ఎక్కడ అన్నది ప్రశ్న. ఒక రెసిడెన్షియల్ కాలేజీ నుంచి ఒకాయన రంగుల పాంప్లెట్ పట్టుకుని ఇంటికే వచ్చాడు. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా టైంటేబుల్ చూపించాడు. గ్రౌండ్ ఉందా అని అడిగాను. "గ్రౌండ్ ఎందుకు మేడమ్, ఐఐటీకా?" అన్నాడు నిజంగా ఆశ్చర్యపోయి.

మా వారు వాడిని అక్కడే చేర్చాలన్నారు. ఆయన భయం నాకు తెలుసు. తన కొలువే గాలిలో దీపంలా ఉన్నప్పుడు కొడుకు చేతిలో గట్టి సర్టిఫికెట్ ఉండాలని ఏ తండ్రి కోరుకోడు? "మీ అబ్బా కాలంలో బంతి తంతే పోర్టు పిలిచింది. ఇప్పుడు ఎవరు పిలుస్తారు చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా వాడు మాత్రం సినిమా చూసొచ్చిన ఊపులో, "అబ్బా, రహీమ్ సాబ్ కూడా టీచరే కదా, చదువు, ఆట రెండూ చేశాడు కదా" అన్నాడు. "బేటా, ఆయన షాగిర్దుల వెనకాల పోలీస్ డిపార్ట్‌మెంట్ ఉంది. నీ వెనకాల నేనొక్కణ్ణే ఉన్నా" అన్నారు మా వారు. ఆ మాటకు ముగ్గురం ఖామోష్ అయిపోయాం.

సినిమా మొత్తంలో లేని మాట అది. ఒకప్పుడు డిపార్ట్‌మెంటు మోసిన బరువు ఇప్పుడు ఒక్కో తండ్రి ఒంటరిగా మోస్తున్నాడు. అందుకే మన పిల్లలు ఆడటం లేదు. మొబైల్ వల్ల, బద్ధకం వల్ల అని వాళ్లను తిట్టడం తేలిక.

చివరికి మేం చేసింది చిన్న పని. ఇంటికి దగ్గర్లో డే కాలేజీలో ఎంపీసీ. అసర్ నుంచి మగ్రిబ్ దాకా గ్రౌండ్, ఆ టైమును ట్యూషన్ కూడా ముట్టుకోకూడదని షరతు. మొదటి ఏడాది 470కి 431 వచ్చాయి. మా వారు ఆ మార్కుల కాగితాన్ని రెండుసార్లు చూసుకుని, మర్నాడు కొత్త బూట్లు కొనుక్కొచ్చారు. రేపు వాడు ఇంజనీరవుతాడో, ఏ రైల్వే జట్టులోనో ఆడతాడో, అల్లాకే ఎరుక. ఆటగాడు కావాలని నా పట్టుదల కాదు. పదహారేళ్ల పిల్లవాడికి రోజులో ఒక గంట మైదానం ఉండాలి. దానికి సర్కారు ముందుకు రాకపోతే కనీసం మనం అడ్డు రాకూడదు.

మన మొహల్లాల్లో ఈద్‌గాహ్ మైదానాలున్నాయి, బడి గ్రౌండ్లున్నాయి. ఏడాదిలో రెండు ఈద్‌లు పోను మిగతా రోజులు అవి ఖాళీయే. గేటు తాళం తీయించడానికి కమిటీ పెద్దలతో ఒక మాట చెప్పండి. మీ ఇంట్లో పోలీసులో, పోర్టులో, రైల్వేలో ఆట మీద కొలువు తెచ్చుకున్న నానా, దాదా ఉంటే ఆయన కథ పిల్లలకు చెప్పండి. సినిమా తీసేంత పెద్ద కథ కానక్కర్లేదు.

మా వాడికి రహీమ్ సాబ్ పెట్టిన ఆ బలహీనమైన కాలి టోర్నమెంటు గురించి చెప్పినప్పటి నుంచి కొత్త పిచ్చి పట్టింది. నానాది ఎడమ కాలు, వాడిది కుడి. ఇప్పుడు మేడ మీద గోడకు ఎడమ కాలితో కొడుతున్నాడు రోజూ. పదిసార్లలో ఏడుసార్లు బంతి పక్కింటి మేడ మీద పడుతోంది. పక్కింటి లక్ష్మిగారు నిన్న బంతి తెచ్చిస్తూ, "ఇంకా ఎన్నాళ్లమ్మా ఇది?" అని అడిగారు. ఎడమ కాలు కుదిరేదాకా అని చెప్పాను.